తూకం

కౌసూయిత్తుక్ నుంచి ఔయిత్తుక్‌కి
మూడువందల ఎనభై చిల్లర కిలోమీటర్లు,
గంటా ఇరవై నిమిషాలు.
కాగితం కంపెనీది. గోడకి అంటించిన టేపు నాది.

తెల్లవారని చోటు, కరగని చోటు:
మా మాటల్లో ఆ రెండు పేర్లకీ అర్థం అదే.
దక్షిణం నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన విని నవ్వాడు.
నాలుగో రోజుకి ఆ నవ్వు కూడా గడ్డకట్టింది.

నేను తూకం మనిషిని.
మా చిన్న విమానంలోకి ఏది ఎక్కాలన్నా
ముందు నా కాటా ఎక్కాలి:
పిండి బస్తా, డైపర్ల పెట్టె, బూట్లతో సహా మనిషి.
వయసు దాచుకున్నవాళ్ళని చూశాను గానీ
బరువు దాచగలిగినవాళ్ళని చూళ్ళేదు.

ఫిబ్రవరి పదకొండున మియాలియా దిగింది.
కాన్పుకని ఇకాలుయిట్ వెళ్ళి ఏడు వారాలు.
చేతిలో మొగుడికి కొన్న స్నోమొబైల్ బెల్టు,
కోటు వీపు సంచిలో పదహారు రోజుల పిల్ల,
తండ్రి ఇంకా చూడని పిల్ల.
"పాలు సరిపోతున్నాయో లేదో" అంది.
చిన్న పార్శిళ్ళ కాటా మీద శాలువా పరిచి పడుకోబెట్టాం.
శాలువా పోను మూడు కిలోల నాలుగువందల ఇరవై.
బెల్టు తొమ్మిది వందలు.

ఆ రోజు అవతల గాలి.
కొండల సందులోంచి అడ్డంగా కొడుతోందట,
అక్కడ రన్‌వే ఉన్నదే జానెడు.
మర్నాడు ఇవతల మంచు పొగ, నా చెయ్యి నాకే కనబడలేదు.
తర్వాత ఎవరికో గుండెనొప్పంటే విమానం ఎటో పోయింది.
ఇంకో రోజు ఆకాశం అద్దంలా ఉంది,
పైలట్‌కి పనిగంటలు అయిపోయాయి.
తిట్టాను. అతను నిద్రలో ఉన్నాడు, తగల్లేదు.

రోజూ ఫోను చేసేవాడు ఆలాషువా.
గొంతు మాత్రం కూతవేటు దూరంలోనే, అదే చిత్రం.
"మా నాయనమ్మ పడుకుందా?" అనేవాడు.
పిల్లకి ఆవిడ పేరే పెట్టారు, అతువాట్ అని;
పేరుతోపాటు వరస కూడా వస్తుంది మాకు.
ఆ పాత అతువాట్ ఈ దారినే కుక్కల బండి మీద వచ్చింది.
ఎంత దూరమంటే "ఎనిమిది నిద్రలు" అనేదట.

సూర్యుడు అప్పుడే తిరిగొచ్చిన రోజులు.
మధ్యాహ్నం అంచున ఎర్రగా తొంగిచూసి పోయేవాడు,
మర్నాడు ఇంకాస్త సేపు.
పిల్ల కూడా అంతే.
నాలుగువందల యాభై. నాలుగువందల డెబ్బై అయిదు.
ఒకరోజు ముల్లు కదల్లేదు, మియాలియా ఏమీ తినలేదు.
కాటా తప్పన్నాను. అబద్ధం.
ఆ రాత్రి ఇంటి నుంచి చేప ఉడికించి తెచ్చి
ఎదురుగా కూచుని తినిపించాను.

తొమ్మిది నిద్రల తర్వాత ఇంజన్లు తిరిగాయి.
కుక్కలైతే ఒక రోజు ముందే చేరేవి.
చివరిసారి తూచాను: మూడు కిలోల ఆరువందల తొంభై.
గోడ మీది కాగితంలో, గంటా ఇరవై కింద,
పెన్సిలుతో రాశాను: రెండువందల డెబ్బై గ్రాములు.
ఇన్‌స్పెక్టరు వస్తే చెరిపేస్తాను.

సాయంత్రం ఆలాషువా ఫోను.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
వెనక పిల్ల ఏడుపు, ఎవరో నవ్వడం.
ఆఖరికి అడిగాడు, బెల్టేదీ అని.

వెతికాను. బెంచీ కింద ఉంది.
ఎందుకో మళ్ళీ కాటా మీద పెట్టి చూశాను.
దాని బరువేమీ మారలేదు.