నూనెలో ఉప్పు

వాగుర్ రేవులో మంచు పొడిపొడిగా రాలుతోంది.
పడవ పేరు స్కార్వుర్, అంటే నీటికాకి.
నాకంటే పదేళ్ళు చిన్నది.
దాని కడుపులో ముప్పై రెండేళ్ళుగా నా కాపురం.

పొద్దున్నే ఆ ఇనప పుల్ల పైకి లాగి
గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి
నూనె ఏ గీత దాకా తడిసిందో చూస్తాను.
ఆ తర్వాత ఒక్క చుక్క
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ.
జారిందా, సరే.
గరగరలాడిందా,
లోపల ఇనుము ఇనుమును కొరుక్కుతింటోందన్నమాట.
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి
ఆరు సిలిండర్ల మాటలూ వింటాను,
వైద్యుడిలా ఏం కాదు,
గోడకు చెవి పెట్టిన పక్కింటివాడిలా.

ఈ శీతాకాలం పైన అంతా మారిపోయింది.
మర్నా, మా కెప్టెన్, నా కూతురి కంటే చిన్నది,
పాత రాడార్ పీకించింది.
కొత్త తెర మీద ఓడలు పేర్లతో సహా నడుస్తాయి,
ఎవరు ఎటు, ఎంత వేగంతో, అన్నీ.
పొగమంచు కడుపులో ఇక ఏ గుట్టూ దాగదు.
మునిగితే తనంతట తానే విడిపోయి తేలి
ఉపగ్రహానికి మొరపెట్టుకునే పసుప్పచ్చ డబ్బా ఒకటి
వీల్‌హౌస్ కప్పు మీద కూర్చుంది.
నా మణికట్టుకో పట్టీ.
"నీళ్ళలో పడితే ఇది అరుస్తుంది, హానుస్."
పడితే నేనూ అరుస్తాలే, అన్నాను.
మర్నా నవ్వలేదు.
బార్దుర్ సంగతి ఈ ఊళ్ళో తెలియనిదెవరికి.

బార్దుర్ మా అన్న.
ఆ రాత్రి డెక్ మీద కళ్ళలో ఒత్తులేసుకుని కాపలా కాశాడు.
మెడలో ఒక ఈల.
ఊదే ఉంటాడు.
ఊదాడనే అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్ళూ.
నేను కింద ఉన్నాను, ఇంజిన్ మోతలో,
బేరింగులకు నూనె పోస్తూ.

జనవరిలో మర్నా ఒక బుల్లి సీసా ఇచ్చింది.
నూనె నింపి తోర్స్‌హావ్న్‌కు పంపాలట,
అక్కడ ఎవరో పరీక్ష చేసి రాసి పంపుతారట.
నా వేళ్ళుండగా ఎందుకు?
అన్నాను కానీ నింపాను.
పది రోజులకు కాగితం వచ్చింది:
ఇనుము కొంచెం. రాగి కొంచెం.
సోడియం, ఉండకూడనంత.
కింద ఒక వాక్యం, అందులో కోపం లేదు, జాలీ లేదు:
సముద్రపు నీరు చేరుతోంది, కూలర్ చూడండి.

విప్పి చూశాం.
ఒక గొట్టానికి సూదిమొన పట్టేంత చిల్లు.
తలుపు తట్టకుండా, చెప్పులు విప్పకుండా
సముద్రం మా ఇంట్లోకి ఎన్నాళ్ళ నుంచి నడిచొస్తోందో.
ఆ పొద్దునా రుద్ది చూశాను నేను.
జారింది. సరే అనుకున్నాను.
ఈ వేళ్ళు రెండూ
నాకు అబద్ధం చెప్పలేదు,
వాటికే తెలియలేదు.

పాత నూనె మూడు పీపాలు తోడేశాం.
కొత్తది పోస్తుంటే తేనె రంగులో, తొందర లేకుండా దిగింది.
అడుగున చేరేదాకా ఎవరూ మాట్లాడలేదు.

నిన్న పట్టీ పరీక్ష.
మర్నా నా చేతి నుంచి దాన్ని విప్పుకుని
పైన ఉప్పునీళ్ళ బకెట్లో ముంచింది.
నేను కింద, ఇంజిన్ పూర్తి వేగంలో,
చెవులకు మఫ్‌లు పెట్టుకుని.
మొదట గోడ మీది ఎర్రదీపం తిరిగింది.
ఆ తర్వాత కూత.
ఆరు సిలిండర్లను చీల్చుకుంటూ,
మఫ్‌లను దాటుకుంటూ,
పలకను రాయితో గీకినట్టు.

ఫోన్‌లో మర్నా: "వినబడిందా?
తెర మీద నీ పేరొచ్చింది. ఆపనా?"

వినబడింది, అన్నాను.
కాసేపు ఉండనీ.

అది మోగుతూనే ఉంది.
నేను గుడ్డ తీసుకుని
పుల్ల పైకి లాగాను.