నూటపాతిక అంగలు

మైదానం గోడ మీద అక్షరాలు
బిగించేది నేనే, విప్పేదీ నేనే.

మొదట్లో, నేల రాసిచ్చిన
ఒక వితంతువు పేరుండేదట.
తర్వాత ఎవరో మంత్రిది.
సైనికుల తుపాకుల్లో పూలు గుచ్చిన ఏప్రిల్‌లో
మా నాన్న దాన్ని సుత్తితో రాల్చాడు,
ఒక్కో అక్షరానికీ గోల్ పడ్డట్టు ఈలలు.
ఆ పైన పెంకుల కంపెనీ. ఆ పైన బ్యాంకు.
బ్యాంకు దివాలా తీశాక
దాని అక్షరాలతో కోళ్ళగూటికి తడిక కట్టాను.
'బి' బొర్రలోంచి ఇప్పటికీ
పుంజు తల బయట పెడుతుంది.

ఇన్ని పేర్లు మారినా
ముందున్న మాట జోలికి ఎవరూ పోలేదు:
ఇష్టాదియు.
అందులో 'ఆ' మీది చిన్న గీత
ప్రతి చలికాలం సముద్రపు గాలికి ఊడిపడేది.
వెతికి తెచ్చి బిగించేవాణ్ణి.

నిరుడు లెక్కల పంతులమ్మ దోనా జెనోవేవా
నిచ్చెన కింద ఆగి అంది:
"జెఫెరీనూ, అది స్థలం పేరనుకున్నావా?
దూరం పేరోయ్.
మైలులో ఎనిమిదో వంతు.
మీటరు రాకముందు మనవాళ్ళ కొలత.
నూటపాతిక అంగలు."
నోట్లో స్క్రూలున్నాయి, జవాబు చెప్పలేదు.

ఆ నెలలోనే ఒతీలియా తుంటి విరిగింది.
ఫిజియో పిల్ల కాగితం మీద మీటర్లు రాసిచ్చింది.
బట్టల కొట్లో ముప్పై ఏళ్ళు
మీటర్లు చింపిన మనిషి
ఆ కాగితం వైపు చూడలేదు.
సరే, అంగలన్నాను.
గేటు నుంచి చేపల బజారు కొళాయి దాకా
నావి నూటపాతిక.
పంతులమ్మ లెక్కకి తక్కువే పడుతుందేమో, మాకు చాలు.
ఆవిడవి, చేతికర్రతో, నాలుగువందల పది.
మార్చికి మూడువందల నలభై.
మధ్యలో ఒకసారి కూర్చుని
సార్డీన్లు కాల్చే పొగని తిట్టుకునేది.

ఈ ఏడు ఇన్సూరెన్సు వాళ్ళొచ్చారు.
లోపల దీపాలున్న అక్షరాలు తెచ్చారు.
మొదటి మాట కూడా తీసెయ్యమన్నారు,
ఆ చోట 'అరేనా' పెట్టాలట.
కుర్రాడు మర్యాదస్తుడే,
నిచ్చెన పట్టుకున్నాడు.

ఏడక్షరాలూ దించాను.
గోడ మీద వాటి నీడలు మిగిలాయి,
ఎండ తగలని తెల్లటి మచ్చలు.
ఆరింటిని కంపెనీ బండిలో వేశాను.
'ఆ' కూడా వేశాను, నెత్తిన గీత లేకుండా.

అది ఇప్పుడు కొళాయి స్తంభానికుంది,
రెండు స్క్రూలతో.
మునిసిపాలిటీ వాళ్ళకి తెలీదు.
ఒతీలియా రోజూ అక్కడికొచ్చి
తడిచేత్తో దాన్ని ముట్టుకుని
వెనక్కి తిరుగుతుంది.
ఇవాళ మూడువందల రెండు.