వేళ్ళకిచ్చిన చోటు

మురకామిలో నవంబరు. చూరు కింద
ఉప్పు పట్టించిన సాల్మన్ చేపలు తలకిందులుగా వేలాడుతున్నాయి.
నా దుకాణం అద్దం మీద వాటి నీడలు.
కినుయో గారు గుడ్డలో చుట్టి తెచ్చిన డిస్క్ రికార్డర్
బల్ల మీద పెట్టి, నోట్‌బుక్ తెరిచి రాశారు:
"ఇది అబద్ధం చెబుతోంది."

పాత వీడియో టేపు నుంచి దించుకున్న డిస్కు.
టీ ఆకు ఫ్యాక్టరీలో భోజనాల గది, ఎనిమిది మంది ఆడవాళ్ళు.
ఒక్కరికీ వినబడదు. కబుర్లన్నీ చేతులతోనే.
"చూడండి," రాశారామె,
"మా సైగల్లో మణికట్టు చటుక్కున తిప్పితే చేప.
తాపీగా తిప్పితే నది.
మీ డిస్కులో రెండూ ఒక్కటే."

నిజమే. గోడ నున్నగా ఉంది, వేళ్ళ దగ్గర మాత్రం
బొమ్మ తడిసిన పటికబెల్లంలా పలుకులుగా విరిగిపోతోంది.

ముప్పై ఏళ్ళుగా నోటితో వల్లించే పాఠం
మొదటిసారి చేత్తో రాశాను:
ఈ పెట్టె ప్రతి బొమ్మనూ పూర్తిగా గీయదండీ.
ఒకటి నిండుగా గీస్తుంది.
తర్వాతి పద్నాలుగింటికీ ఏది కదిలిందో అదే రాసుకుంటుంది.
గోడ కదల్లేదు, కాబట్టి గోడ ఊసెత్తదు.
కెటిల్ మీద ఆవిరి కదిలింది, రెండు ముక్కలు రాసింది.
ఇంతలో ఎనభై వేళ్ళు ఒక్కసారే లేచాయి.
పండగ ముందు రోజు కొట్టు గుమస్తాలా
రాయగలిగింది రాసి
మిగతాది ఉజ్జాయింపుగా కట్టేసింది.

ఆమె పగలబడి నవ్వారు.
"అయితే మీ పెట్టె
కదలకుండా కూర్చునేవాళ్ళ కోసం."

నాలుగు గంటల మోడ్ తీసి ఒక గంట మోడ్ పెట్టాను.
పలుకులు తగ్గాయి, పోలేదు.
ఫుసానో గారు కథ చెబుతూ చెబుతూ
చేపని నదిలోకి దూకించే చోట
మళ్ళీ పొడి పొడి.

మెనూలోకి వెళ్ళాను. ఆడియో: లీనియర్ పీసీఎం.
అది నా గర్వం. నేనమ్మిన ప్రతి పెట్టెలోనూ
నా చేత్తో నేనే పెట్టి ఇస్తాను.
సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు గాలిని తూచి
ఒక్కో తూకాన్నీ పదహారు అంకెల్లో రాసే నిజాయితీ.
ఇంతకీ ఆ టేపులో ఏముందో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.
చెక్క నేల మీద కాళ్ళ చప్పుడు.
ఒక దగ్గు.
కెటిల్ మూత.
మిగతా గంటంతా ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడానికి,
అరుపుకెంత చోటిస్తుందో అంతా ఇచ్చి,
ఒక్క అంకె తగ్గకుండా
రాసి పెట్టింది నా పెట్టె.

ఈ సంగతి ఎలా చెప్పను?
పెన్ను పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.
చివరికి రాశాను: పది పాళ్ళ చోటులో ఒకటిన్నర పాలు
మీకు వినబడని దానికి పోతోంది.

ఆమె నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు.
"వేళ్ళకిచ్చేయండి."

శబ్దాన్ని బాగా కుదించే పద్ధతి ఇంకోటుంది,
చెవి పట్టించుకోనిదంతా అది విదిలించేస్తుంది,
మరీ సన్నగా చేసేయనా అని అడిగాను.
కిటికీలోంచి చేపల్ని చూస్తూ ఆలోచించారు.
"కెటిల్ మూత ఉండనివ్వండి.
మా మనవరాలికి వినబడుతుంది."

డిస్కు రాయడానికి ఒక గంట పట్టింది, టేపెంతో అంత.
ఇద్దరం కూర్చుని చూశాం. బయట చినుకు మంచుగా మారింది.
ఫుసానో గారి మణికట్టు మెరిసింది.
నీళ్ళు విడిగా, చేప విడిగా.
కినుయో గారు బల్ల మీద రెండు సార్లు కొట్టారు.

ఫైనలైజ్ నొక్కి, మూడు నిమిషాలు ఆగాక
డిస్కు రెండు చేతులతో అందించాను.
ఆ ధైర్యంతోనే కాబోలు, నేనూ మణికట్టు తిప్పాను,
చటుక్కున, చేప అని.

ఆమె శ్రద్ధగా చూసి, తల అడ్డంగా ఊపి
నోట్‌బుక్‌లో ఆఖరి పేజీ తిప్పారు.
"నది."