చిల్లర

ఇకెబుకురోలో ఎక్కినప్పుడు
ఏ భుజం నాదో, ఏ గొడుగు ఎవరిదో తెలియలేదు.
హన్నోలో రైలు దిశ మార్చుకుంది.
ముందుకి ముఖం పెట్టి కూర్చున్నవాళ్ళం
ఉన్నట్టుండి వెనక్కి జారడం మొదలుపెట్టాం.
"నాన్నా, ఇంటికెళ్ళిపోతున్నామా?" అంది నాగిసా.
లేదమ్మా, కొండలు ఇటే.

వారమంతా నేను
లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడతాను.
"కంగారు పడకండి, మనిషి బయలుదేరాడు."
అంతే నా ఉద్యోగం.
ఇక్కడ మూడంతస్తుల ఇల్లు ఒక్కటీ లేదు.
నా గొంతుకి రెండ్రోజులు సెలవు.

తేయాకు కంచె మలుపులో
రేకు కప్పిన చెక్క అర, మనిషి లేని అంగడి.
ఆకులతో సహా మూడు ముల్లంగులు, ఇంకా మట్టి తడితో;
వల సంచిలో యుజు కాయలు;
డబ్బు వెయ్యడానికి గంటు కోసిన వెదురు బొంగు.
ఏది తీసుకున్నా వంద యెన్లట.
నా దగ్గర వెయ్యి నోటు ఒక్కటే.
నాగిసా అప్పటికే ఓ ముల్లంగిని
చంటిబిడ్డలా ఎత్తుకుంది. ఇక దించదు.

నోటు మడిచి బొంగులో వేసి
రశీదు వెనక రాశాను:
"ఒక ముల్లంగి. చిల్లర లేదు. మిగతాది ఉంచుకోండి."
రాశాక సిగ్గేసింది,
ఆఖరి ముక్క దానం చేసినట్టుంది.
కొట్టేసి, "రేపు సాయంత్రం ఇటే వస్తాం" అన్నాను.
అది బాకీ వసూలుకొచ్చేవాడి మాటలా ఉంది.
అలాగే వదిలేశాను.

రాత్రి బసలో ఇసావో గారు
కాల్చిన చేప పక్కన దాన్ని తురిమి పెట్టాడు.
తీపి, తర్వాత మెల్లగా ఘాటు.
పిల్ల ముక్కు పట్టుకుని, మళ్ళీ పెట్టమంది.

ఆదివారం, పొద్దు కొండ వెనక్కి పోయాక
అరలో ముల్లంగులు లేవు.
గుండ్రాయి కింద కాలెండరు కాగితం పొట్లం,
తొమ్మిదివందల యాభై యెన్లు,
వణికే పెద్ద అక్షరాలు:
"మిగిలినవి కోసి చూశాను. బెండు పడ్డాయి.
మీదీ అంతే అయ్యుంటుంది. సగం ధర చాలు.
క్షమించండి. హత్సుయే."

"మనది బావుంది కదా?"
నా చేతిలోంచి యాభై నాణెం తీసుకుంది నాగిసా.
దాని నడిమి చిల్లులోంచి
ఓ కన్ను మూసి కొండని చూసింది,
పొగ లేస్తున్న ఒక పెంకుటిల్లుని చూసింది.
తర్వాత బొంగులో వేసింది.
ఖాళీ బొంగు.
అడుగు చేరేదాకా విన్నాం.

స్తంభం మీది మైకు
పిల్లల్ని ఇళ్ళకి పొమ్మని పాట మొదలుపెట్టింది.
పొలాల్లో పిల్లలెవరూ లేరు,
నా పిల్ల తప్ప.
అది బుద్ధిగా స్టేషను వైపు నడిచింది.
కాగితం వెనక రాయడానికి కలం కోసం
నేనింకా జేబులు తడుముకుంటూనే ఉన్నాను.