అంచు

పిన్యా కుడికాలు బ్రేకు మీద నిలవడం లేదు,
అందుకని కారు నేను నడిపాను.
కుఓపియోలో ఫిబ్రవరి.
సరస్సు మీద కార్లు పోయేంత గట్టి మంచు.
ఇరవై రెండేళ్లుగా ఈ జట్టు స్కేట్లకి సాన పట్టేవాణ్ణి,
ఆస్పత్రిలో నీకేం పనని ఎవరూ అడగలేదు.

డాక్టర్ హ్యుత్తినెన్ తెర మీద తుంటి చూపించింది.
గిన్నె, గిన్నెలో బంతి,
గిన్నె అంచు చుట్టూ ఉంగరంలా మృదులాస్థి.
అది పీలికలై వేలాడుతోంది.
గోలు ముందు మోకాళ్లు లోపలికి వాల్చి
మడమలు బయటికి పరిచి కూలబడినప్పుడల్లా
ఎముక ఆ అంచుని కొరికిందట.
పదకొండో ఏటి నుంచి, రోజుకి మూడొందల సార్లు.

చిరిగినంత మేర కత్తిరించి నున్న చేయొచ్చు, అంది.
తొందరగా లేస్తావు,
కానీ రబ్బరు పోయిన ఫ్లాస్కు మూతకి
బిగువెక్కడిది?
ఎముకలో బుల్లి మేకులు దింపి
దారంతో కుట్టేయొచ్చు,
కుట్టు నిలవడానికి బట్టంటూ మిగిలితే.
మిగల్లేదు.
నీ తొడ పక్కనుంచి ఒక పట్టీ కోసి
కొత్త అంచు వేయొచ్చు, లేదా
దాత ఇచ్చిన పట్టీతో.
గిన్నే బంతీ మొత్తం మార్చేయడం ఆఖరిది.
ఇరవై ఏడుకి ఆ మాట ఎత్తను.

"దాతంటే?"
"చనిపోయిన మనిషి."
"ఏం ఆడేవాడు?"
డాక్టర్ నవ్వబోయి ఆగింది. ఆ వివరాలు మాకివ్వరు.
పిన్యా చాలాసేపు తన మోకాలినే చూసుకుంది.
"నాలోంచి ఇంకేం కోయకండి.
నా దగ్గరున్నదంతా వాడేశాను."

మళ్లీ ఆడతానా అని అడుగుతుందనుకున్నా.
అడగలేదు.
లిఫ్టులో మాత్రం నావైపు తిరిగి,
"ఒక బ్లేడుకి ఎన్నిసార్లు సాన పట్టొచ్చు?" అంది.
నా షెడ్డులో ఒక డబ్బా ఉంది, అరిగి సన్నబడ్డ బ్లేడ్లతో.
సాన పట్టడమంటే రవ్వంత ఉక్కుని తినేయడమే.
ఈ సంగతి ఏ పిల్లకీ చెప్పలేదు నేను,
పదునుగా ఉందా అని మాత్రం అడిగేవాణ్ణి.
"చూసుకోవాలి," అన్నాను.

కారెక్కేటప్పుడు ముందు కూర్చుని,
తర్వాత కుడికాలిని రెండు చేతులతో ఎత్తి
లోపల పెట్టుకుంది,
ఎవరో దాచమని ఇచ్చిన సామానులా.

పార్కింగు గేటు నాలుగు యూరోలడిగింది.
చలికి మొద్దుబారిన నా వేళ్లలోంచి
నాణెం జారింది.
అద్దంలోంచి బయటికే చూస్తూ
ఎడమ చేత్తో పట్టేసింది.