ఉప్పుకి పైకప్పు

పటంలో మా ట్రాపాని ఒక కొడవలి.
పిడి సిసిలీ చేతిలో, మొన సముద్రంలో.
కూతుర్ని వెతుక్కుంటూ పరుగెత్తిన ఓ దేవత
దారిలో జారవిడుచుకుందట.
కొడవలి కోసం మాత్రం వెనక్కి రాలేదు.
ఆ అరిగిన అంచు మీదే
మేం మంచాలు వేసుకుని పడుకుంటాం.

మొన చివర బురుజు దగ్గర నిలబడితే
కుడిచేతికి ఒక సముద్రం, ఎడమచేతికి ఇంకొకటి.
రెండూ ఒకేసారి కసురుకున్న రోజు
పడవలు కదలవు.
చేపల బజారులో పిల్లులు
పనిలేక ఒళ్ళు నాక్కుంటాయి.

గాలులకి ఇక్కడ పేర్లున్నాయి, కోపాలున్నాయి.
మయెస్త్రాలె వీస్తే కయ్యలు ఆరుతాయి,
నీళ్ళు గులాబీరంగు తిరిగి ఉప్పు కడతాయి.
షిరొక్కో వస్తే ఆరేసిన దుప్పట్ల మీద
ఆఫ్రికా ఎర్రమన్ను.
ఆ మూడు రోజులూ ఎవరేమన్నా
లెక్కలోకి రాదని మా నాన్న పెట్టిన రూలు.
ఎరిచె కొండ మాత్రం ఎండాకాలంలో కూడా
మబ్బు శాలువా తియ్యదు.

ఎవరెవరు రాలేదు గనక!
ఊదారంగు అమ్ముకునేవాళ్ళొచ్చారు, కార్తేజ్ వచ్చింది, రోము వచ్చింది.
ఆ దీవుల అవతల ఓడలు ఓడల్ని పొడుచుకున్నాయి.
ఇప్పటికీ ఎప్పుడైనా వలలో
పాచిపట్టిన కంచు ముక్కొకటి పడుతుంది.
మ్యూజియంవాళ్ళు చేతులు జోడిస్తారు,
జాలరి మాత్రం చిరిగిన వల వంక చూసుకుంటాడు.
ట్యునీసు నుంచొచ్చిన చేతులు
కుస్కుస్ పులమడం నేర్పి వెళ్ళాయి.
వెళ్ళినవాళ్ళందరి మూటల్లోనూ ఉప్పుంది.

ఇదంతా బళ్ళో చెప్పిన చరిత్ర.
అమ్మమ్మ క్రొచ్చిఫిస్సా చెప్పింది చాలా చిన్నది.

నలభై మూడు, ఏప్రిల్.
విమానాలు వెళ్ళిపోయాక
గోడలు నాలుగూ ఉన్నాయి, గడియారం ఉంది,
తలెత్తితే ఆకాశం ఉంది.
పల్లెల్లో తలదాచుకుని
అక్టోబరులో తిరిగొచ్చింది, చంకలో మా అమ్మతో.
దారి పొడుగునా ఉప్పు కొటార్లు.
వాన తగలకుండా ప్రతి కుప్ప మీదా
వరసగా, పొందిగ్గా ఎర్ర పెంకులు.
"మనుషులకి మబ్బు, ఉప్పుకి ఇల్లు" అనుకుందట.
ఆ రాత్రే పిల్ల తోపుడుబండిలో
ఎనిమిది పెంకులు పేర్చి
వాటి మీద పక్కగుడ్డ, దాని మీద మా అమ్మ.
పద్నాలుగు రాత్రులు.

మేస్త్రీ బాల్దస్సారే చూశాడు.
చూసి, పైపు ముట్టించుకున్నాడు.
యజమాని పుస్తకంలో రాసింది మాత్రం ఇదీ:
"వానకి కొట్టుకుపోయిన పెంకులు, నూట పన్నెండు."
పెంకుల్ని ఎత్తుకెళ్ళే వాన ఏమిటని
యజమాని అడగలేదు.
బహుశా ఆయన ఇంటికీ కప్పు లేదేమో.

మొదటి జల్లు పడ్డ రాత్రి
అమ్మమ్మ పొడిగా పడుకుని మేలుకునే ఉంది.
నెత్తిమీద చినుకు టపటపలాడినప్పుడల్లా
అక్కడ, కయ్యల దగ్గర
ఒక్కో గుప్పెడు కరిగిపోవడం వినబడిందట.
తర్వాత ముప్పై ఏళ్ళు, సెప్టెంబరు వస్తే చాలు,
కూలి అడక్కుండా కుప్పలు కప్పడానికి వెళ్ళేది.
ఎందుకంటే చెప్పేది కాదు.
ఉప్పు తిన్న మనిషి కాదు మరి,
ఉప్పు గొడుగు లాక్కున్న మనిషి.

ఇప్పుడు ఆ కయ్యల్లో పార నాది.
ఈ ఏడు ఆగస్టులోనే వాన దిగింది,
తేదీలు మర్చిపోయిన చుట్టంలా.
సగం కుప్పలకి పెంకులు చాలలేదు.
మూడు రోజుల్లో తెల్లటి భుజాలు కుంగిపోయాయి.

ఇంటికొచ్చి నిచ్చెన వేశాను.
షిరొక్కో నాడు మా కప్పు ఇంకా చెమర్చుతుంది,
అడుగున వేలు రాసి నాలిక్కి తగిలిస్తే
తెలుస్తుంది అవి ఎక్కడివో.
నిచ్చెన పట్టుకుని కింద మా అమ్మ,
ఒకప్పుడు వాటి మీద నిద్రపోయిన పిల్ల.
వద్దనలేదు.

"ఎనిమిదెనిమిది చొప్పున దించు," అంది,
"ఒరుసుకోకుండా."