ఎండ బాకీ

చెయ్యి విరిగింది కుక్కర్ మూతకి.
పడలేదు, ఎవరూ తొయ్యలేదు.
మూత తిప్పాను, అంతే.
మణికట్టు దగ్గర
ఎండు మిరపకాయ తొడిమ ఊడినట్టు
టుక్కుమని చిన్న చప్పుడు.

ఆ చప్పుడు నాకు తెలుసు.
ముప్పై నాలుగేళ్లు విన్నాను
ఏటుకూరు రోడ్డు గోడౌన్లో, గోనెపట్టా మీద కూర్చుని,
కిలోకి ఇంతని.
ఎర్రటి గుట్ట ఇటు నుంచి అటు జరిగేది,
బయట పొద్దు అటు నుంచి ఇటు జరిగేది.
చీకటితో వెళ్లి చీకటితో వచ్చేదాన్ని.
పని లేని రోజున ఎండ ఎదురైతే
కొంగు నెత్తిన కప్పుకుని తిట్టేదాన్ని.
గుంటూరులో ఎండని తిట్టనిదెవరు?

కొత్తపేట ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితం చూసి
"డి విటమిన్ పదకొండు" అంది.
"ఎంతకి?"
"ముప్పై ఉంటే మేలు."
రోహిణికి రోళ్లు పగిలే ఊళ్లో పుట్టి
నాకు ఎండ చాలలేదట!
తోడొచ్చిన సామ్రాజ్యం పకపకా నవ్వింది.
దానికి తొమ్మిది.
దాని వెన్ను వంగి రెండేళ్లయింది,
పాత చీరల కుచ్చిళ్లే ఇప్పుడు నేల ఊడుస్తున్నాయి.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది.
నేను మా గోడౌన్ భాషలోకి మార్చుకున్నాను:
కాల్షియం సరుకు.
డి విటమిన్ హమాలీ.
లారీ నిండా సరుకున్నా
హమాలీ రాకపోతే లోపలికి ఎక్కదు.
మాంసకృత్తులు గోనెసంచి,
సంచి చిరుగుదైతే సరుకెక్కడ నిలుస్తుంది?

"మరి గోంగూర?"
ఇద్దరం ఒక్కసారే అడిగాం.
అందులోనూ కాల్షియం ఉందంట,
కానీ చాలావరకు గోంగూరే గట్టిగా పట్టుకుంటుందంట,
మన ఒంటికి వదలదంట.
"మా షావుకారు లాంటిదన్నమాట" అంది సామ్రాజ్యం.
మానెయ్యమనలేదులే.
మునగాకు కూడా వండుకోమంది.
కాల్షియం బిళ్లా ఐరన్ బిళ్లా ఒక్క పూట మింగొద్దంది,
ఎడం ఉండాలి, తోడికోడళ్లకి ఉన్నట్టు.

ఇప్పుడు పొద్దున్నే రాగి జావ, పైన మజ్జిగ.
మధ్యాహ్నం పప్పు, గుడ్డు.
గురువారం నిజాంపట్నం నుంచి కోటేశ్వరి
ఎండు నెత్తళ్లు తెస్తుంది.
ముల్లు తియ్యకుండా నములుతాను.
ఆ ముల్లే కదా నాక్కావలసింది.

నువ్వులు దంచుతుంటే మాత్రం
రోకలి కాసేపు ఆగిపోయింది.
పదమూడేళ్లప్పుడు ఇదే చిమ్మిలి,
చాప మీద కూర్చోబెట్టి
అత్తలు, పిన్నులు ముద్దలు చేసి నోట్లో కుక్కారు.
నడుం గట్టిపడాలని.
ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
అప్పుడు పెద్దమనిషినయ్యానని పెట్టారు.
ఇప్పుడు పెద్దదాన్నయ్యానని
నాకు నేనే పెట్టుకుంటున్నాను.
బెల్లం కాస్త తగ్గించాను.

పది కొట్టాక సంగడిగుంట డాబా ఎక్కుతాను.
రెయిలింగు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగి.
పక్కింటివాళ్ల సగ్గుబియ్యం వడియాలు ఒక పాత పంచె మీద,
నేను ఒక చాప మీద.
చేతులు మోచేతుల దాకా చాపుతాను.
కట్టు విప్పిన చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది,
గోడౌన్లో ఉండిపోయిన ముక్కలాగా.
కాసేపటికి అటు తిరుగుతాను,
మరి కాసేపటికి ఇటు.
ముప్పై నాలుగేళ్ల బాకీ
ఇరవై నిమిషాల చొప్పున.
ఎవరు ఎవరికి కడుతున్నామో
ఎండకీ తెలీదు, నాకూ తెలీదు.

పక్కింటి రుబీనా, ఆరేళ్లది,
వడియాలకి కాపలా వచ్చి అడిగింది:
"మామ్మా, నువ్వేం ఎండబెడుతున్నావు?"
"ఎముకలు."
ఆ పిల్ల నవ్వలేదు, నమ్మింది.
పంచె దగ్గర్నుంచి లేచి
కర్ర పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చుంది,
కాకులు వాలకుండా.
దాని సన్నటి మోచేతుల మీద కూడా
ఎండ.